తినదగిన భాగం

అక్కాచెల్లెళ్ళిద్దరూ పనిచేసేది ఒకే ఫ్యాక్టరీలో, వెళ్ళేది మాత్రం వేరు వేరు గేట్ల నుంచి. అక్క వెనక గేటులోంచి పోయి, మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు తొడుక్కుని, జుట్టంతా టోపీలోకి దోపుకుని, చేపలు కోసే బల్ల ముందు నిలబడేది. చెల్లెలు ముందు గేటులోంచి వెళ్ళి, మెట్లెక్కి, మేడ మీద ల్యాబ్‌లో తెల్లకోటు వేసుకునేది. ల్యాబ్ కిటికీ అద్దంలోంచి చూస్తే కింద బల్ల కనిపించేది. వంగిన నూట పది వీపుల్లో అక్క వీపేదో ఆమె ఇట్టే పోల్చుకోగలదు.

చెల్లెలికి ఇంట్లో పెట్టిన ముద్దుపేరు పిచ్చుక. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడిపోయేంత ఉండేదట. తల్లి పోయేనాటికి పిచ్చుకకి ఆరేళ్ళు, అక్కకి పద్దెనిమిది. అక్క ఆ ఏడే బల్ల దగ్గర పనికి చేరింది. చేపను కోసి కండ తీశాక మిగిలిన తలకాయలూ కార్జాలూ ఆడవాళ్ళు కవర్లలో కట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళడం ఆ ఫ్యాక్టరీ తెరిచిన రోజు నుంచీ ఉంది. పట్టుకెళ్ళమని ఎవరూ చెప్పలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. ఆ కార్జాలు తినే పిచ్చుక బడికెళ్ళింది, కాలేజీకెళ్ళింది, కెమిస్ట్రీలో పెద్ద చదువు చదివింది.

"మా చెల్లి బుర్రంతా నేను తీసుకెళ్ళిన కార్జాలదే" అని అక్క బల్ల దగ్గర గొప్పలు పోయేది.

పక్కన నిలబడే పొడుగావిడ ఊరుకునేది కాదు. "నువ్వూ అవే తిన్నావుగా. మరి నీ బుర్రకేమయిందే?"

"నేను నిలబడి తిన్నాను. అంతా కాళ్ళలోకి దిగిపోయింది."

బల్ల బల్లంతా నవ్వేది. అక్క అంటే అక్కడ అందరికీ చనువు. కొత్తగా చేరిన వాళ్ళకి కత్తి పట్టడం నేర్పేది, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే వాళ్ళ ముందున్న చేపలు కూడా తనే లాక్కుని కోసేది.

మూడేళ్ళ కిందట కంపెనీ చేపల చెరువుల్లో మేత మారింది. అంతకుముందు సముద్రపు చిన్న చేపల్ని ఎండబెట్టి, పొడి కొట్టి వేసేవారు. ఆ పొడి దొరకడం కష్టమైంది, పైగా అందులో పాదరసం ఉంటోందని సరుకు కొనేవాళ్ళు పేచీ పెట్టారు. దాంతో కంపెనీ తవుడూ, నూనె పిండేశాక మిగిలిన పొద్దుతిరుగుడు చెక్కా, బీరు తయారీలో మిగిలిన గింజల పిప్పీ కలిపి మేత చేయించడం మొదలుపెట్టింది. ప్రహరీగోడ పొడుగునా ఆకుపచ్చ అక్షరాలతో 'మొక్కల మేత, స్వచ్ఛమైన చేప' అని రాయించారు. అందులో అబద్ధం లేదు. పాదరసం తగ్గిందని తేల్చింది పిచ్చుకే. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ ఏది చూసినా హద్దుకి బాగా కిందే ఉండేవి. బయటికి పోయే ప్రతి లోడులోంచీ పన్నెండు చేపల కండ తీసి పరీక్ష చేసేది, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది. 'పరీక్షించిన నమూనా: తినదగిన భాగం' అని ఆ కాగితం మీద అచ్చై ఉండేది. వందలసార్లు సంతకం పెట్టిన ఆ కాగితంలో ఆ మాట దగ్గర ఆమె కళ్ళు ఒక్కనాడూ ఆగలేదు.

ఆగేలా చేసింది అక్కే.

అక్క కూతురు అప్పుడు ఐదో నెల కడుపుతో ఉంది. మొగుడు దూరాలు తిరిగే లారీ మీద పనిచేస్తాడు కాబట్టి పిల్ల తల్లి దగ్గరే ఉంటోంది. ఒంట్లో రక్తం లేదని డాక్టరు అన్నాడట. ఇంక అక్కని పట్టేవాళ్ళు లేరు. బల్ల మీద కనపడిన నిండు కార్జమల్లా ఏరి తీసుకెళ్ళి, పిల్ల వద్దు మొర్రో అన్నా కూర్చోబెట్టి తినిపించేది. ఒక పొద్దున్న చిన్న డబ్బాతో సరాసరి ల్యాబ్ తలుపు దగ్గరికి వచ్చేసింది, బూట్లతోనే.

"ఒసే పిచ్చికా, ఇది నీ మిషన్‌లో పెట్టి చూడవే. ఇనుము ఎంతుందో కాగితం మీద రాసివ్వు. దానికి చూపించి మరీ తినిపిస్తా. అమ్మ మాట వినదు గానీ కాగితం మాట వింటుంది."

"బూట్లతో రావద్దని ఎన్నిసార్లు చెప్పాలక్కా!" అని విసుక్కుంటూనే పిచ్చుక డబ్బా అందుకుంది.

ముక్కను యాసిడ్‌లో కరిగించి, ఆ ద్రవాన్ని మిషన్‌కి తాగిస్తే చాలు, ఒక్క గుక్కలో ఇరవై లోహాల సంగతి చెప్పేస్తుంది. ఇనుము ఒక్కటే చెప్పమంటే అది వినదు. మధ్యాహ్నానికి తెర మీద వరసలు వచ్చాయి. ఇనుము బాగానే ఉంది. పిచ్చుక నవ్వుకుంటూ దాన్ని ఒక చీటీ మీద రాసుకుంది. రాసుకుని, కింది వరసలు చూసింది.

కాడ్మియం దగ్గర కండకైతే ఎప్పుడూ సున్నా, పక్కన చుక్క, చుక్క పక్కన మళ్ళీ సున్నాలు. ఇక్కడ ఒకటీ పాయింట్ నాలుగు ఉంది. కండకి పెట్టిన హద్దుకి ఇరవై ఎనిమిది రెట్లు.

గిన్నె సరిగ్గా కడగలేదేమో అనుకుంది. మళ్ళీ కడిగి, ఖాళీ యాసిడ్ ఒక్కటే పెట్టి చూసింది. శుభ్రంగా ఉంది. కార్జం మిగిలిన ముక్క పెట్టింది. అదే అంకె. మర్నాడు ఆరు వేర్వేరు చెరువుల చేపలు తెప్పించి, తనే కోసి, ఆరింటి కార్జాలూ, వెన్నెముక కింద నల్లటి పట్టీలా అంటుకుని ఉండే మూత్రపిండాలూ చూసింది. కొన్ని కాస్త తక్కువ, కొన్ని ఇంకా ఎక్కువ. మేత గోదాము నుంచి తవుడు ఒక గుప్పెడు, పిప్పి ఒక గుప్పెడు, చెక్క ఒక గుప్పెడు తెప్పించింది. తవుడులోనూ పిప్పిలోనూ చెప్పుకోదగ్గదేమీ లేదు. ఉన్నదంతా చెక్కలో ఉంది.

ఎలా జరిగిందో ఆమెకి అప్పుడు బోధపడింది. కాడ్మియం నేలలోంచి వేళ్ళ గుండా మొక్కలోకి, మొక్కలోంచి గింజలోకి ఎక్కుతుంది. నూనె పిండితే నూనెతో పోదు, చెక్కలోనే ఉండిపోతుంది. ఆ చెక్క తిన్న చేప దాన్ని కండలోకి పోనివ్వదు, కార్జంలోనూ మూత్రపిండంలోనూ దాచుకుంటుంది. అందుకే కండ అంత శుభ్రంగా ఉంది. ఆ కార్జాన్ని మనిషి తింటే అది మనిషి మూత్రపిండాల్లోకి చేరుతుంది. చేరాక పదేళ్ళయినా ఇరవయ్యేళ్ళయినా అక్కడి నుంచి కదలదు.

కిటికీ దగ్గరికి వెళ్ళి కిందికి చూసింది. షిఫ్టు అయిపోవచ్చింది. ఆడవాళ్ళు కవర్లు కట్టుకుంటున్నారు.

క్వాలిటీ మేనేజరు చెడ్డవాడు కాదు. గట్టిగా మాట్లాడి ఎరగడు. ఎవరొచ్చినా ముందు కూర్చోమని, మంచినీళ్ళు ఇప్పించి గానీ విషయంలోకి దిగడు. పిచ్చుక ఇచ్చిన కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేశాడు.

"ఎక్కువగా ఉందంటున్నారు. దేనికన్నా ఎక్కువమ్మా?"

"కండకి ఉన్న హద్దుకన్నా సార్."

"కార్జానికి హద్దెంత?"

"లేదు సార్. మనం పాటించే నిబంధనల్లో కార్జానికి గడే లేదు."

"లేని హద్దు దాటిందని ఎలా రాస్తాం?"

"మనవాళ్ళు తింటున్నారు సార్. బల్ల దగ్గరున్న నూట పది మందీ రోజూ పట్టుకెళుతున్నారు. ఇళ్ళల్లో చిన్నపిల్లలున్నారు, కడుపుతో ఉన్నవాళ్ళున్నారు."

"అది మనం అమ్మే సరుకు కాదుగా. మనం అమ్మేది తినదగిన భాగం. మిగిలింది వ్యర్థం. వ్యర్థాన్ని ఎవరూ పరీక్ష చెయ్యరమ్మా. మీరైనా ఎందుకు చేశారో నాకర్థం కాలేదు."

"చెక్క మార్పించండి సార్. చెక్కంతా చెడ్డది కాదు, ఇది ఏదో ఒక చోటి నేలది. వేరే చోటు నుంచి తెప్పిస్తే సరిపోతుంది."

"కండ శుభ్రంగా ఉండగా మేత ఎందుకు మార్చాలని పైవాళ్ళు అడుగుతారు. ఏం చెప్పను?"

"నేను చెప్పిందే చెప్పండి."

ఆయన కాగితాలన్నీ అంచులు సరిచేసి ఫైల్లో పెట్టాడు. "చూద్దాం. మేత సంగతి నా చేతిలో లేదు. ఆ ఆడవాళ్ళు తినడం గురించి మాత్రం తప్పకుండా ఏదో ఒకటి చేస్తాను. మాటిస్తున్నాను."

ఆ సాయంత్రమే పిచ్చుక అక్క ఇంటికి వెళ్ళింది. పొయ్యి మీద గిన్నె ఉడుకుతోంది. పిల్ల మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. అక్క గరిట చేత్తోనే ఎదురొచ్చింది. "తెచ్చావా కాగితం?"

పిచ్చుక చెప్పింది. ముందు అక్క నవ్వింది, చెల్లెలు ఆటపట్టిస్తోందనుకుని. తర్వాత నవ్వు ఆగింది. తర్వాత పొయ్యి ఆర్పింది.

"అంటే ఇన్నాళ్ళూ దీని నోట్లో నా చేత్తో..." అని మంచం వైపు చూసింది.

"అలా అనుకోకక్కా. తిన్న వెంటనే ఏదో అయిపోదు. ఇంక ఆపేస్తే చాలు. పాత మేత ఉన్న రోజుల్లో కార్జం బాగానే ఉండి ఉంటుంది."

"ఉండి ఉంటుందా? చూశావా?"

"చూడలేదు. అప్పుడూ ఎవరూ చూడలేదు."

అక్క గిన్నె రెండు చేతులా పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. తూములో పొయ్యలేదు, కుక్కలు నాకుతాయని గుంట తీసి పాతిపెట్టింది. చేతులు కడుక్కుని వచ్చి, "రేపు బల్ల దగ్గర చెబుతాను" అంది. ఎందుకని గానీ, నిజమేనా అని గానీ ఒక్క మాట అడగలేదు. చెల్లెలు చెబితే ఆమెకి అది చాలు.

బల్ల దగ్గర సగం మంది నమ్మారు, సగం మంది నమ్మలేదు. పొడుగావిడ నమ్మినవాళ్ళలోనే ఉంది. "మేత మార్చమని అందరం కలిసి అడుగుదాం. మీ చెల్లెల్ని ముందు నిలబెడదాం" అంది కూడా. అడిగే రోజు ఇంకా అనుకోకముందే మేనేజరు తన మాట నిలబెట్టుకున్నాడు.

సోమవారం వెనక గేటు దగ్గర ఇద్దరు సెక్యూరిటీవాళ్ళు, ఒక బల్ల, గోడకి ఒక నోటీసు వెలిశాయి. ఫ్యాక్టరీ నుంచి ఎలాంటి పదార్థమూ బయటికి తీసుకెళ్ళరాదు, తీసుకెళితే దొంగతనంగా భావించబడుతుంది, ల్యాబ్ నివేదిక ననుసరించి ఈ చర్య తీసుకోవడమైనది. అంతే. కాడ్మియం మాట లేదు, మేత మాట లేదు. షిఫ్టు దిగిన ఆడవాళ్ళు వరసలో నిలబడి సంచులు విప్పి చూపించాల్సి వచ్చింది. అన్నం డబ్బాలు మూత తీసి వాసన చూశారు. ఇరవై ఏళ్ళుగా అక్కడే పనిచేస్తున్న ఒక పెద్దావిడ చీర కుచ్చిళ్ళు దులపమన్నప్పుడు ఏడ్చేసింది.

"దొంగలమైపోయాం మీ చెల్లి పుణ్యాన" అంది పొడుగావిడ, అక్క ముఖం మీదే. "విషమైతే మేత మారుస్తారు గానీ సంచులు వెతుకుతారా? మనం పట్టుకెళ్ళేది వాళ్ళ కళ్ళల్లో పడింది. అదీ సంగతి."

"అది అలా చెయ్యమని చెప్పలేదే..."

"నువ్వు మేడ మీద ఉన్నావా అది చెప్పేటప్పుడు?"

ఆ రోజు నుంచి బల్ల దగ్గర అక్క పక్కన రెండు చేతుల జాగా ఖాళీగా ఉండడం మొదలైంది. ల్యాబ్ కిటికీలోంచి చూస్తే ఆ ఖాళీ స్పష్టంగా కనిపించేది. పిచ్చుక మేనేజరు గదికి మరో రెండుసార్లు వెళ్ళింది. నోటీసులో కారణం రాయమంది, చెక్క సంగతి అడిగింది. పైకి పంపించాననే సమాధానం వచ్చింది.

కార్జాలూ తలకాయలూ ఇప్పుడు నీలం డ్రమ్ముల్లో పడుతున్నాయి. రోజూ మధ్యాహ్నం ఒక వ్యాను వచ్చి ఎత్తుకుపోతుంది. ఎరువులకి పోతాయని గోదాము గుమాస్తా చెప్పాడు. పిచ్చుక కాస్త కుదుటపడింది. పోనీ, తిట్టుకుంటే తిట్టుకున్నారు, తినడం మానేశారు కదా అనుకుంది.

నెలన్నర తర్వాత ఒక ఆదివారం కూరలు కొనడానికి మార్కెట్‌కి వెళ్ళింది. ఉల్లిపాయల దుకాణాలు దాటాక సందులోకి తిరిగే మూలన కొత్తగా ఒక తోపుడుబండి, చుట్టూ ఆడవాళ్ళు. బండి మీద పరిచిన రేకులో ఎర్రగా, నిగనిగలాడుతూ కార్జాలు. ఆమె దగ్గరికెళ్ళి వంగి చూసింది. బండి కింద నీలం డ్రమ్ము ఉంది.

"ఇవెక్కడివి?" అంది.

"ఫ్యాక్టరీ సరుకమ్మా. మొక్కల మేత చేపలు. అనుమానం అక్కర్లేదు, పరీక్ష చేసిందే" అంటూ బండివాడు రాటకి వేలాడుతున్న కాగితం చూపించాడు. తడవకుండా ప్లాస్టిక్ వేయించాడు దానికి. అది సర్టిఫికెట్ నకలు. కాడ్మియం: హద్దులోపల. సీసం: హద్దులోపల. కింద పిచ్చుక సంతకం.

"ఇది కండకి ఇచ్చింది. కార్జానికి కాదు."

"చేపే కదమ్మా."

"చేపే గానీ ఇది కాదయ్యా. ఈ సంతకం నాదే. కార్జంలో కాడ్మియం ఉంది, నేను చూశాను. ఎవరూ కొనకండి" అని గొంతు పెంచి చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగింది. తిరిగితే ఎదురుగా చేతిలో సంచితో పొడుగావిడ నిలబడి ఉంది. ఆమె వెనక బల్ల దగ్గరివాళ్ళు ఇంకో ముగ్గురు.

"ఊరికే తెచ్చుకుంటే విషమన్నావు" అంది పొడుగావిడ తాపీగా. "సంచులు విప్పించావు. ఇప్పుడు కొనుక్కుంటుంటే కూడా వచ్చావా? పక్కకి జరుగు తల్లీ, పొద్దెక్కుతోంది."

"నేను మీ మంచికే..."

"జరుగమ్మా."

ఆమె జరిగింది. వాళ్ళు కొనుక్కున్నారు.

మర్నాడు మేనేజరు ఎప్పట్లాగే మంచినీళ్ళు ఇప్పించాడు. డ్రమ్ములు వ్యాను కాంట్రాక్టరుకి అప్పజెప్పాక అతను ఏం చేసుకుంటాడన్నదానితో కంపెనీకి సంబంధం లేదన్నాడు. సర్టిఫికెట్ నకలు ఎలా బయటికి వెళ్ళిందో కనుక్కుంటానన్నాడు. "అయినా కాగితంలో తప్పేముందమ్మా? ప్రతి అక్షరం నిజమేగా" అని కూడా అన్నాడు. అది ఆమెని ఎత్తిపొడవడానికి అన్న మాట కాదు, నిజంగానే ఓదార్పుగా అన్నాడు.

ఆ రోజు మూడు లోడ్లు బయటికి పోవాలి. మూడు సర్టిఫికెట్లు టేబుల్ మీదికి వచ్చాయి. పిచ్చుక మూడింటి మీదా సంతకం పెట్టింది. పెట్టి, సంతకం కింద కలంతో ఒక వాక్యం రాసింది: 'ఇది కండకు మాత్రమే వర్తిస్తుంది. కార్జం, మూత్రపిండాలలో కాడ్మియం ఎక్కువగా ఉన్నది, తినరాదు.'

లారీలు గేటు దాటలేదు. అరగంటలో పైనుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఆ వాక్యం లేకుండా కొత్త కాగితాల మీద సంతకం పెట్టమన్నారు. పెట్టనంది. మేనేజరు మొదటిసారి ఆమె ముందు కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు. సాయంత్రానికల్లా వేరే ఊరి ఫ్యాక్టరీ నుంచి ఒక కుర్ర కెమిస్టుని కారులో తీసుకొచ్చారు. అతను పిచ్చుక రాసిన అంకెలే చూసి, అవి సరిగ్గా ఉన్నాయని మెచ్చుకుని, మూడు కాగితాల మీదా సంతకం పెట్టాడు. లారీలు వెళ్ళాయి. కంపెనీ పత్రాల మీద అనధికారికంగా రాసినందుకు పిచ్చుకని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆమె చేసిన కార్జం పరీక్షల ఫైలు ఆమె బీరువాలో దొరకలేదు, మిషన్‌లోనూ లేదు. ఆహార తనిఖీ కార్యాలయానికి తన దగ్గరున్న చీటీల నకళ్ళతో అర్జీ పెట్టింది. అమ్మకానికి ఉద్దేశించిన భాగంలో ఏ లోపమూ కనబడలేదని ఆరు వారాల తర్వాత జవాబొచ్చింది.

అక్కని తీసెయ్యలేదు గానీ, బల్ల దగ్గర్నుంచి ఐసు గదికి మార్చారు. అప్పటికే అరిగిపోయిన మోకాళ్ళకి ఆ చలి సరిపడలేదు. రెండు నెలల పాటు అక్క చెల్లెల్ని ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే పిచ్చుకకి కష్టంగా ఉండేది. ఆమె మంచినీళ్ళ ప్లాంటులో చిన్న ఉద్యోగం చూసుకుంది.

పిల్లకి నెలలు నిండి ఆడబిడ్డ పుట్టింది. మూడు కిలోలు, దిట్టంగా ఉంది. ఏడుపు వీధి చివరి దాకా వినిపించింది. ఈలోగా అక్కని మళ్ళీ బల్ల దగ్గరికి తీసుకున్నారు, పనిమంతురాలు లేక పని సాగక. మనవరాలిని చూడడానికి బల్ల దగ్గరివాళ్ళు ఒక ఆదివారం పొద్దున గుంపుగా వచ్చారు. పిచ్చుక వంటింట్లో నీళ్ళు కాస్తోంది. గడపలో పొడుగావిడ గొంతు వినిపించింది.

"ఇదిగో, బండలా ఉంది పిల్ల! ఐదు నెలలు కార్జాలు మెక్కిన తల్లి కడుపున పుట్టింది. మరి మీ చెల్లి చెప్పిన విషం ఏమయిందే?"

అందరూ పగలబడి నవ్వారు. పిచ్చుక వేడినీళ్ళ గిన్నె గుడ్డతో పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఆ నవ్వుల్లో అక్క నవ్వు ఉంది. పక్కవాళ్ళ భుజం మీద చెయ్యేసి, తల వెనక్కి వాల్చి, బల్ల దగ్గర పూర్వం నవ్వినట్టే నవ్వుతోంది అక్క.

ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరి మూత్రపిండాలు ఏమవుతాయో, అప్పుడు ఎవరు ఏ కారణం చెబుతారో పిచ్చుక చెప్పగలదు. వినేవాళ్ళే లేరక్కడ. గిన్నె మంచం పక్కన పెట్టి, పసిదాని బుగ్గ ఒకసారి నిమిరి, చెప్పులు వేసుకుంది.

అక్క వీధి మలుపు దాకా వెనకాలే వచ్చింది, మోకాలు పట్టుకుని.

"ఏమనుకోకే. రోజూ వాళ్ళ మధ్యే నిలబడాలి నేను."

"తెలుసక్కా."

"నేనైతే కొనట్లేదు. దానికీ పెట్టట్లేదు."

"వాళ్ళకి చెప్పావా, కొనట్లేదని?"

అక్క వెనక్కి ఇంటి వైపు చూసి, "అన్నం తినేసి వెళ్ళు" అంది.

"వద్దులే, పనుంది" అని పిచ్చుక బస్సు స్టాపు వైపు నడిచింది. ఆదివారం ఆమెకి ఏ పనీ లేదు. అది అక్కకీ తెలుసు.